తెల్లకాగితము – నల్లనీరు

విజయపురి సౌత్ అను పేరులో పల్నాటి చరిత్రకు చెందిన రెండు కాలములు కలిసియున్నవి. విజయపురి అనునది క్రీ.శ. 3వ శతాబ్దిలో ఈ కృష్ణాతీరమునుండి పరిపాలించిన ఇక్ష్వాకుల రాజధాని. సౌత్ అనునది నాగార్జునసాగర్ ఆనకట్ట కట్టు దినములలో నదికి దక్షిణపు గట్టున వెలసిన కాలనీకి ఇంజనీర్ల వాడుకలో చేరిన మాట. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ఆ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. నాటినుండి ఇచ్చట బయలుదేరు కుడికాలువ జొన్నకు, సజ్జకు అలవాటుపడిన మెట్టనేలలకు వరిని, ప్రత్తిని, మిరపను తెచ్చినది. పంటతోపాటు గడ్డి వచ్చినది, ప్రత్తికట్టె వచ్చినది, మిరపకట్టె వచ్చినది.

ఈ మిగులు వస్తువులనుండి కాగితము చేయవచ్చునా? చేసినచో దానిని తెల్లబరచుటకు మనము చెల్లించు వెల ఏమి? ఆ వెలను తగ్గించుటకు ఎంజైములు అను సూక్ష్మపదార్థములు ఎంతవరకు తోడ్పడగలవు? నేటి ప్రసంగమునకు ఇవియే విషయములు. ఇది రసాయనశాస్త్రపు ముచ్చటగా తోచవచ్చును గాని, నిజమునకు ఇది నీటి చరిత్ర. కాగితము పుట్టిన నాటినుండి నేటివరకు దాని తెలుపు ఏదో యొక యేటి నీటిలోనే కడుగబడుచు వచ్చినది.

మన పూర్వులు వ్రాతకు ఎన్నుకొన్న వస్తువులను చూడుడు. నాగార్జునకొండ ఆయకస్తంభములపై ఇక్ష్వాకుల నాటి ప్రాకృత శాసనములు బ్రాహ్మీలిపిలో చెక్కబడియున్నవి. వీరపురుషదత్తుని కాలమున రాజకుటుంబపు స్త్రీలు చేసిన దానములు వానివలననే మనకు తెలియవచ్చినవి. అవి చెక్కబడినది లేతాకుపచ్చ ఛాయగల పల్నాటి సున్నపురాతి మీద. దానిని తెల్లబరచ నక్కరలేదు. ఉలి యున్న చాలును. తరువాత వచ్చిన తాటాకు సంగతియు నంతియే. ఆకును ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపుచేసి, గంటముతో గీచి, మసి పూసిన అక్షరము నల్లగా కనబడును. ఆకు పసుపుపచ్చగా నున్నను చదువరికి లోటు లేదు. శిలకు గాని తాళపత్రమునకు గాని తెలుపు గుణముగా ఎవరును ఎంచలేదు.

కాగితముతో కథ మారినది. క్రీ.శ. 105 ప్రాంతమున చీనాదేశపు రాజోద్యోగి త్సాయ్ లున్ చెట్టుబెరడు, జనుపనార, చినిగిన గుడ్డలు, పాతవలలు దంచి కాగితము చేయు విధానమును చక్రవర్తికి నివేదించెనని ఆ దేశపు చరిత్రలు చెప్పుచున్నవి. ఆ విద్య సమర్‌ఖండు మీదుగా పశ్చిమమునకు ప్రాకినది. కాశ్మీరమున 15వ శతాబ్దిలో సుల్తాను జైనులాబిదీను ప్రోత్సాహమున స్థిరపడినది. తెలుగునేలపై కోరుట్ల, కోయిలకొండ చేతికాగితమునకు పేరుపొందినవి. చేతికాగితము చేయువారు పాతత్రాళ్లు, గోనెలు, గుడ్డపేలికలు సున్నపునీటిలో నానవేసి, దంచి, ఏటిలో పలుమారులు కడిగి, ఎండకు వేసి, మరల దంచెడివారు. సున్నము, ఎండ, నీరు – తెల్లబరచుటకు వారు వాడిన సాధనములు ఈ మూడే. వారి కాగితము మీగడరంగున నుండెడిది. దానిమీదనే లెక్కలు నడిచినవి, ఫర్మానాలు వెలువడినవి. కర్నలు కాలిన్ మెకంజీ సేకరింపించిన కైఫీయతులు, సి.పి. బ్రౌను వ్రాయించిన ప్రతులు తాటాకు మీది తెలుగును కాగితము మీదికి తెచ్చినవి. మన పల్నాటి వీరగాథయు ఇరువదవ శతాబ్ది ఆరంభమున అక్కిరాజు ఉమాకాంతము గారి కృషివలన అచ్చుకాగితముపై కెక్కినది. కాగితమే లేకున్న ఈ గాథ పాడువారి నాలుకమీదను, పాతరేకుల మీదను మాత్రమే మిగిలియుండెడిది. కాగితము మనకు చేసిన మేలు చిన్నది కాదు. దాని వెల మాట చెప్పునపుడు ఈ మేలును మరువరాదు.

యూరపులో అచ్చుయంత్రములు పెరిగినకొలది గుడ్డపేలికలు చాలకపోయినవి. 1800లో లండనులో మత్తయాస్ కూప్స్ అను నాతడు గోధుమగడ్డితో చేసిన కాగితముపై ఒక పుస్తకమునే అచ్చువేయించి, పేలికలు లేకయు కాగితము చేయవచ్చునని లోకమునకు చూపెను. గడ్డికాగితము కొరకు అతడు పెట్టిన పెద్దమిల్లు కొద్ది సంవత్సరములకే దివాలా తీసినది. గడ్డిని కాగితముగా మార్చవచ్చుననుట ఆనాడే రుజువైనది. లాభముగా మార్చుట మాత్రము అంత సులభము కాదనుటయు ఆనాడే తెలిసినది.

ఇంతలో తెలుపును శీఘ్రముగా తెచ్చు వస్తువొకటి దొరికినది. 1774లో స్వీడను రసాయనజ్ఞుడు షీలే క్లోరిను వాయువును కనుగొనెను. 1785లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తొలే అది బట్టల రంగును పోగొట్టునని చూపెను. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెనెంటు ఆ వాయువును సున్నములో ఇమిడ్చి తెల్లబరచు పొడిని తయారుచేయు హక్కును పొందెను. అంతకుపూర్వము నారబట్టను పచ్చికబయళ్లమీద నెలల తరబడి ఎండబెట్టి, పుల్లని మజ్జిగలో నాననిచ్చి తెల్లజేసెడివారు. నెలల పని దినముల పనియైనది. నూలుకు వచ్చిన ఈ విద్యయే కాగితపు గుజ్జునకును వచ్చినది.

ఇచ్చట గడ్డిపోచ నిర్మాణమును కొంత తెలిసికొనవలెను. మన పల్లెలలో కట్టు దడిని తలచుకొనుడు. వెదురుబద్దలు నిలబెట్టి, త్రాళ్లతో బిగించి, పైన మట్టి మెత్తుదురు. గడ్డిపోచలోను అట్టి మూడుభాగములే యున్నవి. బద్దల స్థానమున నుండునది సెల్యులోజు. కాగితమునకు కావలసిన నార ఇదియే. త్రాళ్ల స్థానమున హెమిసెల్యులోజు అను చక్కెరల గొలుసులుండును. గడ్డిజాతులలో ఇందు హెచ్చుభాగము జైలాన్ అను పదార్థము. మట్టిపూత స్థానమున లిగ్నిన్ ఉండును. మొక్కకు గట్టితన మిచ్చునది లిగ్నినే, కాగితమునకు గోధుమరంగు తెచ్చునదియు అదియే. కలపలోకంటె గడ్డిలో లిగ్నిన్ తక్కువ, జైలాన్ ఎక్కువ. ఈ యొక్క విషయమును గుర్తుంచుకొనిన ముందు రాబోవు కథ సులభముగా బోధపడును.

గుజ్జు చేయు పద్ధతి రజకుడు మాసిన బట్టలకు చౌడు పట్టించి ఉబ్బకు పెట్టుటను పోలియుండును. గడ్డిని కాస్టిక్ సోడాతో కలిపి మూతబిగించిన పెద్దపాత్రలలో ఆవిరిపై ఉడికింతురు. లిగ్నిన్ చాలవరకు కరగి నల్లనిద్రావకమై దిగిపోవును. నార మిగులును. అయినను కొంత లిగ్నిన్ నారను వదలదు. దానిని వదలించుటకే క్లోరిను. క్లోరిను లిగ్నిన్‌ను పొడిచేసి నీటిలో కరగించును గాని, దానితో తానును కలిసి కొత్తపదార్థములను పుట్టించును. అవి మిల్లునుండి కడుగునీటితో వెలికిపోవును. ఇరువదవ శతాబ్దిలో హెచ్చుభాగము ఎవరును ఆ నీటిని పట్టించుకొనలేదు. దాని రంగును చూచినారు, వాసనను చూచినారు. అందులో కంటికి కానరానిదేమున్నదో చూడలేదు.

మనదేశమున కాగితపు మిల్లుల చరిత్ర వంగదేశమున ఆరంభమైనది. శ్రీరాంపురమున విలియం కేరీ బృందము 1820లో కాగితము కొరకు ఆవిరియంత్రమును నెలకొల్పినది. తెలుగునాట 1920లలో రాజమహేంద్రవరమున గోదావరి ఒడ్డున కర్ణాటిక్ పేపర్ మిల్స్ ఏర్పడినది. అది తరువాత ప్రభుత్వము చేతికి వచ్చి, 1964లో ఆంధ్రప్రదేశ్ పేపర్ మిల్స్ అను కంపెనీ అయినది. నిజాము రాజ్యమున 1938లో సిర్పూర్ పేపర్ మిల్స్ స్థాపింపబడి 1942లో కాగితము తీయనారంభించినది. దానివలన ఆ ఊరికే కాగజ్‌నగర్ అను పేరు నిలిచినది. 2014లో ఆ మిల్లు మూతపడగా ఊరిలో ఎన్ని పొయ్యిలు వెలుగక నిలిచెనో ఆ ప్రాంతమువారు ఎరుగుదురు. 2018లో మరియొక యాజమాన్యమున అది తిరిగి తెరువబడినది. 1970ల చివర భద్రాచలము వద్ద సారపాకలో మరియొక పెద్దమిల్లు పని ప్రారంభించినది.

ఈ మిల్లులన్నియు ఏటి ఒడ్డుననే వెలసినవని గమనింపుడు. కాగితమునకు కలప ఎంత ముఖ్యమో నీరును అంత ముఖ్యము. మొదట వీనికి ఆధారము వెదురు. అడవులలో వెదురు తగ్గినకొలది మిల్లులు రైతుల పొలములవైపు చూచినవి. నేడు ప్రకాశము, గుంటూరు, కృష్ణా ప్రాంతముల మెట్టలలో పెంచు సుబాబులు, జామాయిలు, సరుగుడు ఈ మిల్లులకు చేరుచున్నవి. ధర పెరిగిననాడు రైతు నవ్వుటయు, పడిననాడు మొదళ్లతో పెకలించి వేరుపంట వేయుటయు అందరు చూచినదే.

గడ్డిమిల్లుల కథ వేరు. 1970లలో దేశమున కాగితపు కరువు ఏర్పడినది. పిల్లలకు నోటుపుస్తకములు దొరకుట కష్టమైనది. అపుడు ప్రభుత్వము పన్నురాయితీలిచ్చి చిన్నమిల్లులను ప్రోత్సహించినది. విదేశములలో వాడి తీసివేసిన యంత్రములను తెచ్చి, గోధుమగడ్డి, వరిగడ్డి, చెరకుపిప్పి ఆధారముగా దేశమంతట చిన్నమిల్లులు పుట్టినవి. అడవి నరుకకుండ కాగితము వచ్చినది. రైతుకు గడ్డిమీద నాలుగు డబ్బులు వచ్చినవి. కాని పెద్దమిల్లులలో నల్లద్రావకమును చిక్కబరచి, కాల్చి, అందలి సోడాను తిరిగి సంపాదించు ఏర్పాటుండును. చిన్నమిల్లులకు ఆ స్తోమత లేదు. పలుచోట్ల ఆ ద్రావకము నేరుగా కాలువలకు, ఏళ్లకు పోయినది.

స్తోమత ఉన్నను వరిగడ్డి విషయమున మరియొక చిక్కు గలదు. వరిపైరు నేలనుండి సిలికాను విశేషముగా పీల్చుకొనును. గడ్డిని చేతితో దూసినపుడు వ్రేలు కోసికొనిపోవుట కదియే కారణము. గడ్డిని సోడాలో ఉడికించునపుడు ఆ సిలికా కరగి ద్రావకములో చేరును. దానిని చిక్కబరచబోయిన బంకవలె సాగును, గొట్టములలో గారగా పేరుకొనును, సోడాను తిరిగి తీయు పనిని చెడగొట్టును. చెరకుపిప్పిలో ఈ బాధ తక్కువ. అందువలననే తమిళనాట కరూరు సమీపమున 1980లలో పని ప్రారంభించిన కాగితపురపు మిల్లు చెరకుపిప్పితో పెద్దయెత్తున పత్రికాకాగితమును, వ్రాతకాగితమును తీయగలిగినది. వరిగడ్డికి అట్టి అదృష్టము పట్టలేదు.

ఇట్లుండగా 1980ల ద్వితీయార్ధమున పాశ్చాత్యదేశములలో ఒక వార్త కలకలము రేపినది. క్లోరినుతో గుజ్జు తెల్లబరచు మిల్లులకు దిగువనున్న నీటిలో, చేపలలో డయాక్సినులు అను మిక్కిలి విషపూరితములైన పదార్థములు కనబడినవి. అవి నీటిలో త్వరగా నశింపవు. చేపకొవ్వులో చేరి, చేపను తిన్నవారి దేహమున చేరును. తెల్లకాగితపు వెల ఎంతయో ప్రపంచము మొట్టమొదట లెక్కవేసినది అపుడే. క్లోరినుకు బదులు వేరుమార్గములు వెదకుట ఆరంభమైనది. ఆ వెదకులాటలో ముందుకు వచ్చినవే ఎంజైములు.

ఎంజైము అనగా నేమి? రాత్రి పాలలో వేసిన తోడు తెల్లవారునప్పటికి పాలను పెరుగు చేయును. రుబ్బిన ఇడ్లీపిండి మరునాటికి పొంగును. ఈ పనులు చేయునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. ఆ జీవులు తమ పనికి ఉపయోగించు పనిముట్లే ఎంజైములు. ఒక్కొక్క పనిముట్టు ఒక్కొక్క పనికే పనికివచ్చును. తాళమునకు తగిన చెవివలె, తనకు తగిన పదార్థమును మాత్రమే అది విప్పును. మన రైతులు జనుమును చెరువులో నానవేసి నార తీయుదురు గదా! అచ్చట కాండమునుండి నారను విడదీయునది నీటిలోని సూక్ష్మజీవుల ఎంజైములే. అనగా మొక్కనుండి నార తీయుటకు ఎంజైముల నుపయోగించుట మనకు క్రొత్త కాదు. వాని పేరు మాత్రమే క్రొత్త.

ఈ శాస్త్రచరిత్రలో వింతయైన సంగతి యొకటి గలదు. 1833లో ఫ్రాన్సుదేశీయుడు ఆన్సెల్మ్ పాయెన్, పెర్సో అను సహచరునితో కలిసి, మొలకెత్తిన బార్లీనుండి పిండిపదార్థమును చక్కెరగా మార్చు డయాస్టేజును వేరుపరచెను. మొట్టమొదట వేరుపరచబడిన ఎంజైము అదియే. అదే పాయెన్ 1838లో మొక్కల గోడలలోని పదార్థమును వేరుచేసి గుర్తించెను. దానికే సెల్యులోజు అను పేరు స్థిరపడినది. ఈ రెండు విద్యలు ఒక్క మనుష్యుని చేతిలో ఐదేండ్ల వ్యవధిలో పుట్టినను, కాగితపు మిల్లులో అవి కలిసికొనుటకు నూటయేబది సంవత్సరములు పట్టినది. 1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టుకణములను నూరి తీసిన రసము, జీవకణములు లేకయే, చక్కెరను పులియజేయునని నిరూపించెను. దానితో ఎంజైమును జీవినుండి వేరుచేసి పనిలో పెట్టవచ్చునను ధైర్యము కలిగినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పసిఫిక్ దీవులలో అమెరికాసైన్యపు నూలుగుడారములు, దుస్తులు వారములలోనే కుళ్లి చినుగజొచ్చినవి. కారణము వెదకుచు ఆ సైన్యపు శాస్త్రజ్ఞులు పలువిధముల బూజులను సేకరించిరి. వానిలో సాలమన్ దీవులలో దొరికిన ఒకానొక ట్రైకోడెర్మా బూజు సెల్యులోజును విచ్ఛిన్నము చేయుటలో అసాధారణశక్తి గలది. దానిపై చిరకాలము పరిశోధించిన ఎల్విన్ రీస్ పేర, 1977లో దానికి ట్రైకోడెర్మా రీసై అను పేరిడిరి. గుడారములను నాశనము చేసిన ఆ బూజువంశమే నేడు పరిశ్రమలకు ఎంజైములను ఉత్పత్తిచేయు ముఖ్యజీవులలో ఒకటి.

లిగ్నిన్ వైపునుండియు ప్రయత్నములు జరిగినవి. అడవిలో పడిన మ్రానును తెల్లగా కుళ్లించు బూజులు లిగ్నిన్‌నే తినివేయును. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున ఫోర్నీ, సి.ఎ. రెడ్డి, టీన్, ఆస్టు అనువారు 1982లో అట్టి బూజు లిగ్నిన్‌ను విచ్ఛేదించు తీరునుగూర్చి ప్రకటించిరి. 1983లో ఆ పని చేయు ఎంజైమే బయటపడినది. లిగ్నిన్‌ను నేరుగా కరగించు ఎంజైము దొరికిన క్లోరిను పీడ వదలినట్లేనని పలువురు ఆశించిరి. కాని ఆ ఎంజైములు సుకుమారములు. మిల్లులోని వేడికి, క్షారమునకు తాళలేవు. విస్తారముగా తయారుచేయుటయు కష్టమే.

దారి చూపినది ఫిన్లండు. అచ్చటి శాస్త్రజ్ఞురాలు లీసా వీకారి, ఆమె సహచరులు 1986లో స్టాక్‌హోమ్ సభలో ఒక విషయము ప్రకటించిరి. లిగ్నిన్ జోలికి పోక, జైలాన్‌ను మాత్రము కొంత విప్పు జైలనేజు అను ఎంజైముతో గుజ్జును ముందుగా శుద్ధిచేసినచో, తరువాత తెల్లబరచుటకు క్లోరిను తక్కువ సరిపోవును. ఇందాకటి దడిని మరల తలచుకొనుడు. మట్టిని గోకనక్కరలేదు, అక్కడక్కడ త్రాళ్లు కోసినచో మట్టి దానంతట అది వదులై, నీరు పోయగనే జారిపోవును. గుజ్జు ఉడుకునపుడు కరగిన జైలాన్ కొంత తిరిగి నారపై పొరగా పేరుకొని లోపలి లిగ్నిన్‌ను కప్పివేయును. ఎంజైము ఆ పొరను చీల్చి దారి ఏర్పరచును. తెల్లబరచునది ఎంజైము కాదు. తెల్లబరచు మందు తేలికగా లోనికి పోవుటకు అది తలుపు తీయును.

1990ల ఆరంభమునకే యూరపులోను, కెనడాలోను కొన్ని మిల్లులు దీనిని వాడుకలోనికి తెచ్చినవి. తెల్లబరచుటకు పట్టు క్లోరిను రసాయనములలో నూటికి 15 నుండి 25 వంతులవరకు ఆదా అగుననుట పలు పరిశోధనలలో తేలినది. గడ్డిజాతులలో జైలాన్ హెచ్చు గదా! అందుచేత మనదేశమున ఈ పద్ధతి సహజముగనే దృష్టి నాకర్షించినది. సహారన్‌పురమున 1980లో ఏర్పడిన కేంద్ర కాగితపరిశోధనసంస్థ, పూనాలోని జాతీయ రసాయనప్రయోగశాల, పాటియాలాలోని థాపర్ పరిశోధనకేంద్రము, ఢిల్లీ విశ్వవిద్యాలయము మున్నగు చోట్ల గోధుమగడ్డి, చెరకుపిప్పి, వెదురు గుజ్జులపై పరీక్షలు జరిగినవి.

ఈ పరీక్షలలో తేలిన సాధకబాధకములు వివరముగా చెప్పదగినవి. మొదటిది, ఎంజైములో సెల్యులేజు కలిసియుండరాదు. ఉన్నచో త్రాడుతోపాటు బద్దయు తెగును. నార బలము పోయి కాగితము పెళుసగును. రెండవది, ఉడికి కడుగబడిన గుజ్జు వేడిగా, క్షారముగా నుండును. సామాన్యపు ఎంజైము దానికి తాళదు. గుజ్జును కొంత చల్లబరచి, ఆమ్లముతో క్షారమును తగ్గించి, గంట మొదలు మూడుగంటలవరకు నిలువయుంచవలెను. వేడిని, క్షారమును సహించు ఎంజైములకై వేడినీటి ఊటలలోను, చౌడునేలలలోను బ్రదుకు సూక్ష్మజీవులను వెదకుట ఇందువలననే. మూడవది, జైలాన్ కొంత పోవుటచే గుజ్జు తూకము కొద్దిగా తగ్గును. నాల్గవది, ఎంజైమునకు వెల పెట్టవలెను. ఆదాయైన రసాయనపు వెల దానిని మించినపుడే యజమాని మొగ్గుచూపును. వీనికి ప్రతిగా మేలును ఒకటి గలదు. ఈ పద్ధతికి పెద్దయంత్రము లక్కరలేదు. గుజ్జు నిలువయుండు తొట్టి యున్నచో, సరిగా కలుపు ఏర్పాటు, కొలతలు చూచు మనిషి చాలును. కోట్లు వెచ్చించి క్రొత్తశాఖ కట్టలేని చిన్నమిల్లునకు ఇది అందుబాటులో నుండు మార్గము.

పెద్దమిల్లులు వేరుదారి పట్టినవి. సారపాక మిల్లు 2002లో మూలక క్లోరినును పూర్తిగా మాని, క్లోరిన్ డయాక్సైడుతో తెల్లబరచు పద్ధతిని అవలంబించినది. దేశమున ఈ మార్పునకు ముందు నిలిచినవారిలో తెలుగునాటి మిల్లు ఒకటియగుట మనకు సంతోషము. 2003లో కేంద్రప్రభుత్వము పరిశ్రమలతో చేసికొన్న ఒడంబడికలో, పెద్దమిల్లులు టన్నుకాగితమునకు విడుచు క్లోరిను కలిసిన సేంద్రియపదార్థములను రెండేండ్లలో 1.5 కిలోగ్రాములకు, ఐదేండ్లలో 1 కిలోగ్రామునకు తగ్గింపవలెనని నిర్ణయింపబడినది. విడుచు మురుగునీటిని, పాతమిల్లుల విషయమున, రెండేండ్లలో టన్నునకు 140 ఘనపుమీటర్లలోపునకు తేవలెననిరి. ఒక ఘనపుమీటరు వెయ్యి లీటర్లు. అనగా ఒక టన్నుకాగితము వెనుక లక్షానలుబదివేల లీటర్ల మురుగునీరు విడుచుటయే ఆనాడు సాధింపవలసిన మెరుగుదల! ఈ ఒక్క అంకెయే గడచిన కాలపు సంగతిని చెప్పగలదు.

ఇక మన గడ్డివద్దకు వత్తము. పల్నాటి రైతునకు గడ్డి వ్యర్థము కాదు. వామి వేసిన గడ్డి ఏడాది పొడవున గేదెల కడుపు నింపును. ప్రత్తికట్టె, మిరపకట్టె పొయ్యిలోనికి వచ్చును. కావున పశువు నోటిముందరి గడ్డిని మిల్లునకు తరలించు ఆలోచన మంచిది కాదు. యంత్రపుకోతలు వచ్చిన చోట్ల చెల్లాచెదరుగా పడి, ప్రోగుచేయు కూలి గిట్టక, చేలోనే నిప్పుపెట్టు గడ్డి వేరు. అది పొగగా పోవుటకంటె నారగా మారుట మేలు. ప్రత్తికట్టెనుండి గుజ్జును, అట్టలను చేయవచ్చునని బొంబాయిలోని కేంద్ర ప్రత్తిసాంకేతిక పరిశోధనసంస్థ చూపియున్నది. అయినను గడ్డి తేలిక, కాని స్థలము హెచ్చుగా ఆక్రమించును. ఏడాదిలో ఒకటి రెండుమారులే లభించును. తడిసినచో కుళ్లును, ఎండినచో నిప్పురవ్వకు భయపడవలెను. బండికూలి గడ్డివెలను మించినచో లెక్క తప్పును.

అన్నిటికంటె పెద్దప్రశ్న నీటిది. ఎంజైమును గూర్చి అతిగా ఆశపడుట ఇచ్చటనే ప్రమాదము. ఎంజైము తగ్గించునది తెల్లబరచునపుడు పుట్టు విషమును. గడ్డిని ఉడికించునపుడు దిగు నల్లద్రావకమును అది తగ్గింపదు. అందలి సిలికాను అది తీయదు. నదికి కలుగు బరువులో హెచ్చుభాగము ఆ ద్రావకమునుండియే వచ్చును. ద్రావకమును పట్టి ఉంచు ఏర్పాటు లేని మిల్లు ఎంజైము వాడుచున్నామని చెప్పుకొనుట, వీధిలో పెంటకుప్ప నుంచి వాకిట ముగ్గు పెట్టుట వంటిది. ద్రావకమునకు దారి చూపిన మిల్లు ఎంజైమును వాడినచో మాత్రము, నీటికి నిజమైన మేలు కలుగును. ఏ పనికి ముందు ఏ పని చేయవలెనో తెలిసియుండుట అవసరము.

విజయపురి సౌత్ వద్ద కృష్ణను చూచినవారికి ఈ మాట సులభముగా మనసునకు పట్టును. ఇచ్చట కాలువలో దిగు నీరు పొలములకు మాత్రమే పోదు. కాలువపొడవున ఎన్నియో ఊళ్ల మంచినీటి చెరువులను అది నింపును. ఎగువన ఏటిలో కలిసినది దిగువన బిందెలో తేలును. ఆనకట్ట కట్టినవారు మనకు నీటిని నిలిపి యిచ్చిరి. దానిని శుభ్రముగా నిలుపు భారము మాత్రము వారు మనకే వదలిరి.

మన యింటి వంతు ఏమని శ్రోతలు అడుగవచ్చును. కాగితము ఎంత తెల్లగా నుండవలెనన్న అంత రసాయనము పట్టును. చివరి రెండుమెట్ల తెలుపునకు పట్టు ఖర్చు మొదటి మెట్లకంటె హెచ్చు. పిల్లవాని లెక్కలపుస్తకము, దుకాణపు పద్దు, సరకుల పొట్లము మల్లెపూవువలె నుండనక్కరలేదు. కోరుట్ల కాగితపు మీగడరంగుమీద మన తాతలు తప్పులేకుండ లెక్కలు వ్రాసిరి. కొంచెము మసకకాగితమును చిన్నతనముగా ఎంచకుండుట, వాడిన కాగితమును పారవేయక మరల గుజ్జునకు పంపుట – ఈ రెండును ఏ ప్రయోగశాలయు అక్కరలేకయే ప్రతి యింటివారు చేయగలిగినవి.

శాస్త్రజ్ఞులు ఇంకను కృషిచేయుచున్నారు. మరిగేవేడిని తట్టుకొను జైలనేజులు, గాలిలోని ప్రాణవాయువుతో పనిచేయు లాకేజు అను మరియొక ఎంజైము, సిలికాను ముందుగనే వేరుచేయు పద్ధతులు పరీక్షలలో నున్నవి. వీనిలో ఏది నిలుచునో ఏది పోవునో మిల్లుల లెక్కలు తేల్చును. గడ్డిపోచనుండి తెల్లకాగితము తీయుట 1800లోనే తెలిసిన విద్య. దానిని ఏటికి హాని లేకుండ తీయుట నేర్చుకొనుటలో మనమింకను నడుమదారిలోనే యున్నాము.